మూడు రోజుల ఉపవాసం

మార్చి 2, ఉదయం 6
హోటల్‌కి కొత్తగా తొంభై గదులు లేచాయి. చెత్త మాత్రం మా సందులోకి. ముందు గేటు అతిథులకట, వెనక గేటు మిగతా అన్నిటికీ అట. ఆ గేటుకి సరిగ్గా ఎదురుగా మా ప్రార్థన గది. నిన్న వాక్యం చెబుతుంటే లాండ్రీ వ్యాను, ఐస్ బండి, రెండు చెత్త లారీలు. రివర్స్ హారన్ ఆగదు. చంకకర్రల పెద్దాయన లారీ వెనక ఇరుక్కుని ఆరాధన సగం సందులోనే విన్నాడు. గేటు మూయించకపోతే నేను బోధకుణ్ణే కాదు.

మార్చి 5
మునిసిపల్ ఇంజనీరు బల్ల మీద గ్రంథం పెట్టి మాట్లాడాను. భయపడ్డాడో, విసుగెత్తాడో, మూడు రోజులు బండ్లు లెక్కపెట్టిస్తానన్నాడు. రోజుకి పది దాటితే గేటు మూత. ఏ రోజులో ముందే చెబితే హోటల్ వాళ్ళు జాగ్రత్తపడతారట, అందుకని చెప్పడట. న్యాయమే. నేను లెక్కేస్తే ఇరవై రెండు.

మార్చి 8, ఆదివారం
అక్క మంచి మాట చెప్పింది. సందుకి అడ్డంగా టెంట్ వేసి మంగళ, బుధ, గురువారాలు ఉపవాస ప్రార్థన పెట్టమంది. పాపం, ఆ హోటల్లోనే నేలలు తుడుస్తుంది, అయినా మనసు మనవైపే. బడి మొహం చూడని నాకు గ్రంథం మీద వేలు పెట్టి అక్షరాలు నేర్పింది అక్కే. ఇది నాకెందుకు తట్టలేదా అని సిగ్గేసింది.

మార్చి 12
నిప్పులు కురిపించాను. మూడు రోజులూ సందు నిండా జనం, ఒక్క చక్రం లోపలికి రాలేదు. గొంతు పోయింది. ఎవరో కొత్తాయన మూలన కుర్చీ వేసుకుని మూడు రోజులూ కాగితం పట్టుకుని కూర్చున్నాడు. నా ప్రసంగం రాసుకుంటున్నాడనుకుని నేనే నీళ్ళిచ్చాను.

మార్చి 18
మూలన కూర్చున్నాయన రాసుకున్నది బండ్ల లెక్కట. మంగళవారం సున్నా. బుధవారం సున్నా. గురువారం సున్నా. వెనక గేటు పర్మనెంట్. టెంట్ వేసింది మీరే కదండీ అన్నాడు ఇంజనీరు. మళ్ళీ సర్వే లేదట.

మార్చి 19
అక్క మెడలో కొత్త కార్డు. లాండ్రీ సూపర్‌వైజర్. లెక్కపెట్టే తారీఖులు హోటల్ మేనేజర్‌కి ఎలాగో తెలిశాయట, ఆయన అక్కకి చెప్పాడు. అక్క వాటికి ఉపవాసం తొడిగి నాకిచ్చింది.
ఇల్లు అదిరేలా అరిచాను. గ్రంథం తెరిచి ద్రోహులున్న పేజీలన్నీ చదివాను. చివరిదాకా వింది. అప్పుడంది, "తుడిచి తుడిచి మోకాళ్ళు పోయాయిరా. నువ్వు వాటికోసం ప్రార్థన చేశావు. వాళ్ళు నాకు కూర్చోడానికి కుర్చీ వేశారు."
పేజీలు తిప్పుతూనే ఉన్నాను. దానికి వాక్యం దొరకలేదు.

మార్చి 22, ఆదివారం
చంకకర్రల పెద్దాయన రాలేదు. నాలుగు లారీలు. నా గొంతు నాకే వినపడలేదు. అక్క ముందు వరుసలో కూర్చుని ఆమెన్ అంటూనే ఉంది, సరిగ్గా అనాల్సిన చోటల్లా.