గుయ్‌మనే వైరు

మాబన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ఈ ఏడూ వాన లేదు. గుత్తిలో మన మైక్ సెట్టు షాపు ఎలాగో నెట్టుకొస్తున్నాను.

మొన్న బెంగుళూరు నుంచి పెద్ద కంపెనీ మైకు వైరు తెప్పించాను. దాన్నీ, నువ్వు చేత్తో టంకం పెట్టి చేసిన వైరునీ మార్చి మార్చి తగిలించి, హలో హలో అంటూ నేనే విన్నాను. నిజం చెప్పాలి కదా, కంపెనీదే బాగుంది. నీ వైరులో వచ్చే గుయ్‌మనే మోత దాంట్లో లేదు.

ఈరోజు పక్క ఊళ్ళో వాన కోసం భజన పెడితే, కంపెనీ వైరే తగిలించాను. పాట ఎత్తుకోవాల్సిన ఓబులప్ప తాత మైకు ముందు నోరు తెరవకుండా కూర్చున్నాడు.

"ఏమప్పా, కరెంటు లేదా?"

"ఉండాది తాతా, పాడు."

"యాడుండాది? మైకు గుయ్యనలేదు కదప్పా!"

ఎంత చెప్పినా వినలేదు. ఆ ఎండలో వాదించే ఓపిక లేక, సంచిలోంచి నీ వైరు తీసి తగిలించాను. గుయ్‌మంది.

"ఆఁ, ఇప్పుడొచ్చినాడు మాబు" అని తాత కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నాడు.

ఆ మోత పోగొట్టాలని బతికున్నన్నాళ్ళూ ఎన్ని తంటాలు పడ్డావో! ఇప్పుడు ఆ వైరు కొసన టంకం ఊడొస్తోంది. గుంతకల్లులో రేడియోలు బాగుచేసే అతను "ఇట్లియ్యన్నా, మళ్ళా టంకం పెట్టి ఇస్తా" అంటున్నాడు. ఇవ్వడానికి నాకు చెయ్యి రావడం లేదు.

బాగైపోతుందేమోనని భయం.