ధూళిలో కలరా ఉండలు

అక్కా, నేను కులాసా. ఉద్యోగమే ఊగిసలాడుతోంది.

నక్షత్రాల మధ్య ఉండే ధూళిలాంటిది చేసి, గాలి తీసేసిన పెట్టెలో గడ్డకట్టించి చూడడమే కదా మా పని. అందులో నాఫ్తలీన్ దానంతటదే పుట్టిందని చలికాలమంతా సంబరపడ్డాం. మొన్న మా మేడమ్ నా పక్కకొచ్చి, "ఏంటమ్మాయ్, కలరా ఉండల వాసన?" అన్నారు. అమ్మ పోయాక నువ్వు ట్రంకుపెట్టెలోంచి తీసి పంపిన తన స్వెట్టరు, రోజూ అదే వేసుకెళ్ళా! ఆ ఉండలంటే నాఫ్తలీనే కదా, వాటి ఆవిరే ధూళి మీద పేరుకుంది. చేసిందంతా మట్టికొట్టుకుపోయింది. బాధ్యత ఆవిడదేనని మేడమ్‌ని ఉద్యోగంలోంచి పంపేశారు. నన్ను పల్లెత్తు మాట అనకుండా వెళ్ళిపోయారావిడ.

స్వెట్టరు ఉతికి ఉతికి ఆరేశాను. ఉండల వాసనతోపాటు అమ్మ వాసనా పోయింది.

బావ దగ్గు తగ్గిందా? పిల్లలకు ముద్దులు. అమ్మ తలగడ గలీబు ఉంటే పంపవే. ఉండలు వెయ్యకు, ఉతకకు.

నీ చెల్లి