ఎరుపు పోయిన టీవీ

12 అక్టోబరు 2008, ఆదివారం

పర్చూరు బస్టాండు సెంటరు, అంకమ్మరావు టీవీ షాపు నుంచి వెలువడు ప్రకటన. గోడ మీది బల్లికీ, బల్లి నోట పడబోయే దోమకూ, ఈ డైరీకీ తెలియజేయడమేమంటే, ప్లాస్మా గొప్పదా ఎల్‌సీడీ గొప్పదా అనే జగద్వివాదం ఈ ఉదయంతో శాశ్వతంగా పరిష్కారమైంది. న్యాయమూర్తి ఎండు మిరపకాయ. అప్పీలు లేదు.

సంగతేమిటంటే మా చెంచయ్య టీవీ కొంటానని వచ్చాడు. వాడు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి కాయ చూసే మనిషి. సంచిలోంచి గుప్పెడు తీసి రంగు చూసి గ్రేడు చెప్పాడంటే కొట్టువాళ్ళు ఆ సంచి మళ్ళీ విప్పరు. ఇల్లంతా ఆ కళ్ళ మీదే గడుస్తోంది. నాకు బడి స్నేహితుడు. ఎనిమిదో తరగతిలో మా ఇద్దర్నీ ఒకేరోజు గెంటేశారు. మాస్టారి కుర్చీలో దురదగొండి చల్లింది నేను, నవ్వింది వాడు.

రెండు టీవీలూ పక్కపక్కన పెట్టి ఒకే ఛానెల్ వేశాను. ఒరేయ్, ఎల్‌సీడీకి వీపు వెనక ట్యూబులైటు ఉంటుంది, అందుకే పట్టపగలు కూడా బొమ్మ కనపడుతుంది, కానీ నలుపు వేస్తే బూడిద రంగు వస్తుంది, ప్లాస్మాలో ఏ చుక్కకాచుక్క మండుతుంది, ఆరితే కాటుక, అని డీలర్ల మీటింగ్‌లో నేర్చుకున్న పాఠం మొత్తం అప్పజెప్పాను. వాడు చుట్ట పొగ నా మొహాన వదిలి, నీ సోది ఆపరా అని, చొక్కా జేబులోంచి నాలుగు ఎండు మిరపకాయలు తీశాడు. పెళ్ళికూతురి చీర వచ్చిన సీను ఆపించి, కాయని రెండు తెరలకీ ఆనించి చూశాడు. ఎల్‌సీడీది టమాటా ఎరుపంట. ప్లాస్మాది కాయ ఎరుపంట.

ప్లాస్మా పట్టుకుపోయాడు. టీవీ కొనడానికి మిరపకాయలు తెచ్చుకునే జాతి ఈ భూమ్మీద మాదొక్కటే అయి ఉంటుంది.

9 నవంబరు 2008

చెంచయ్య ఫోన్. టీవీలో ఎరుపు వెలిసిపోయిందట. ఎవడో వాడి పారేసింది నాకు అంటగట్టావు కదరా దొంగ సచ్చినోడా అన్నాడు. వెళ్ళి చూశాను. నాకు బాగానే ఉంది. అయినా ఆ మాట అంటే రెండు గంటలు వాదిస్తాడు. మెనూలోకి వెళ్ళి ఎరుపు నాలుగు గీతలు పెంచాను. కొత్త ప్యానెల్ కదరా, సర్దుకోవడానికి టైం పడుతుంది అన్నాను. అలాంటిదేమీ లేదు. నోటికి వచ్చింది.

వాడి పెళ్ళాం సుబ్బరావమ్మ కాఫీ ఇచ్చింది. వాడు రెండు చుట్టలు కాల్చాడు.

30 నవంబరు

మళ్ళీ ఫోన్. ఎరుపు ఇంకో నాలుగు గీతలు పెంచాను. న్యూస్ చదివే అమ్మాయికి అమ్మవారు పోసినట్టుంది. ఇంకా చాలదంటాడు.

21 డిసెంబరు, ఆదివారం

ప్లాస్మా వెనక్కి తెచ్చేసి ఎల్‌సీడీ పెట్టి వచ్చాను. చెంచయ్య ఓడిపోయినవాడిలా కూర్చున్నాడు. నాకు లోపల పండగ. ప్లాస్మాలో చుక్కలకి పూసిన మసాలా మాడిపోతుందిరా, అందుకే ఎరుపు వెలుస్తుంది, ఎల్‌సీడీ ట్యూబులైటు అలాగే ఉంటుంది, నేను ఆ రోజే చెప్పాను అన్నాను. ఆ రోజు నేను చెప్పింది దీనికి పూర్తి వ్యతిరేకం. వాడు గుర్తుపట్టలేదు. పాపం, నా మాట నమ్మాడు.

తెచ్చిన ప్లాస్మాని షాపులో ఆన్ చేశాను. ఎరుపు ధగధగలాడుతోంది. వీడికి పొగరు తప్ప ఇంకేం లేదు.

18 జనవరి 2009

ఎల్‌సీడీలో కూడా ఎరుపు లేదట! ఒరేయ్ అంకమ్మా, కంపెనీలన్నీ కలిసి దేశంలో ఎరుపు ఎత్తేశాయేంట్రా అన్నాడు. నవ్వుతూ అన్నాడనుకున్నాను.

వీడికి తగిన శాస్తి చెయ్యాలి. ఐడియా వచ్చింది.

15 ఫిబ్రవరి, ఆదివారం

ఇది వివరంగా రాయాలి.

ఎదురు టీకొట్టు సైదాని తోడు తీసుకుని వెళ్ళాను. సాక్షి లేని ఆటపట్టింపు ఉప్పు లేని పప్పు. చెంచయ్య మంచం మీద ఉన్నాడు. సుబ్బరావమ్మ పళ్ళెంలో కాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. టీవీ వెనక్కి వెళ్ళి ఏదో బిగించినట్టు నటించి, రిమోట్‌తో మెనూ తీసి కలర్ మొత్తం సున్నాకి లాగేశాను. బ్లాక్ అండ్ వైట్. మా నాన్న కాలం టీవీ అయిపోయింది. ఒరేయ్ చెంచయ్యా, జపాన్ నుంచి కొత్త చిప్ తెప్పించి వేశాను, ఇప్పుడు చూస్కో ఎరుపు, కళ్ళు పేలిపోతాయి అన్నాను.

పాట వస్తోంది. హీరోయిన్ చీర బూడిద రంగు. సైదా అప్పటికే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

చెంచయ్య లేచి పళ్ళెంలోంచి ఒక కాయ తీశాడు. తాలు కాయ. తెల్లగా పాలిపోయి మచ్చలు పడి, యార్డులో అవతల పారేసే కాయ. దాన్ని తెరకి ఆనించి, కళ్ళు చికిలించి, ఇదిరా ఎరుపంటే, ఇన్నాళ్ళకి దారిలోకొచ్చావు అన్నాడు.

సైదా పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను. చెంచయ్య కూడా మాతోపాటు నవ్వాడు, ఎందుకో తెలియకుండా. సుబ్బరావమ్మ మాత్రం నవ్వలేదు. వాడి చేతిలోంచి ఆ తాలు కాయ తీసుకుని కొంగులో దాచేసింది.

వంటింట్లోకి పిలిచి చెప్పింది. అన్నయ్యా, యార్డు వాళ్ళు పండగ ముందే ఇంటికి పంపించేశారు, తాలు కలిసిన సంచుల్ని ఫస్టు గ్రేడని చెప్పాడంట, బయట చెబితే నన్ను చంపుతానన్నాడు. ఆస్పత్రికి పోదామంటే వినడు. కళ్ళకేం కాలేదే, టీవీ ప్యానెళ్ళలోనే ఎరుపు పోతోందని అంకమ్మే చెప్పాడు, వాడికి తెలియదా అంటాడు, అన్నది.

బయటికి వచ్చి కలర్ మళ్ళీ పెంచాను. చీర ఎర్రబడింది. చెంచయ్య అటే చూస్తున్నాడు. తేడా తెలియలేదు.

18 ఫిబ్రవరి

గుంటూరు, కళ్ళ డాక్టరు. చెంచయ్యని నేనే బలవంతాన తీసుకొచ్చాను.

డాక్టరు రంగు చుక్కల పుస్తకం వాడి ముందు పెట్టాడు. చుక్కల్లో అంకెలుంటాయి. చెంచయ్య ఒక్కటీ చదవలేదు. నేను పక్కనుంచి అంకె అందివ్వబోతే డాక్టరు నన్ను బయటికి పొమ్మన్నాడు. తర్వాత లోపలికి పిలిచి చెప్పాడు. కంటి అద్దం బాగానే ఉంది, వెనక నరం ఎండిపోయింది. చుట్ట, సారా, సరిగ్గా తినకపోవడం. ముందు రంగు వెలిసినట్టుంటుంది, అందులోనూ ఎరుపు. అప్పుడే ఇవన్నీ మానేసి మందులు వాడితే కొంత నిలబడేది, ఇప్పుడు నా చేతుల్లో ఏమీ లేదు, ఉన్నది కూడా ఎంతకాలం ఉంటుందో చెప్పలేను అన్నాడు. అప్పుడే ఎందుకు రాలేదయ్యా అని అడిగాడు.

చెంచయ్య నా వైపు తిరిగాడు. నా మొహం కాదు, నా భుజం వైపు చూశాడు. టీవీ అనుకున్నాం సార్ అన్నాడు.

బస్సులో చుట్టల కట్ట తీసి కిటికీలోంచి విసిరేశాడు. ఇప్పుడెందుకురా అందామనిపించింది. 

19 ఫిబ్రవరి

షాపు తెరవలేదు.

14 మార్చి

కల్లానికి తీసుకెళ్ళమన్నాడు. వాళ్ళ తమ్ముడి చేలో కాయ ఎండబెట్టారు. కంటి నిండా ఎరుపు, నాకే చూపు ఆనడం లేదు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. చెంచయ్య ప్రతి ఏడాదీ వచ్చి వాళ్ళ మీద అరుస్తాడు. ఈసారీ అరిచాడు. ఒంగి కాయ తీసి, ఇది తాలు కాదటే, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే, తీసి అవతల పడెయ్ అన్నాడు. నిగనిగలాడే కాయ. ఆమె సరే బాబాయ్ అని తీసి పక్కన పెట్టింది. ఇంకోటి, ఇంకోటి. అన్నీ మేలు కాయలే. అందరూ అలాగే బాబాయ్ అన్నారు. ఒక్కరూ నవ్వలేదు.

వాడిని గట్టు దాటించి వెనక్కి చూశాను. తీసి పక్కన పెట్టిన కాయల్ని చడీచప్పుడు లేకుండా మళ్ళీ రాశిలో కలిపేస్తున్నారు.

జన్మంతా ఒకళ్ళని వెర్రివాళ్ళని చేసి బతికినవాణ్ణి. ఇంత బాగా నేనెప్పుడూ చెయ్యలేదు.

11 ఏప్రిల్, శనివారం

విజయవాడలో డీలర్ల మీటింగ్. ప్లాస్మా పని అయిపోతుందట. ఎల్‌సీడీలకి ట్యూబులైటు బదులు ఎల్‌ఈడీ బల్బులు వస్తాయట. ఆ తర్వాత ఓఎల్‌ఈడీ అనే ఇంకో రకం. వెనక లైటే ఉండదట. ఏ చుక్కకాచుక్క తనంతట తనే వెలుగుతుందట. అప్పడంలా పల్చగా ఉంటుందట. జపాన్‌లో ఇప్పటికే చేశారట గానీ పలకంత తెర. మనదాకా రావడానికి పదేళ్ళు పట్టొచ్చన్నారు.

బస్సు దిగి నేరుగా చెంచయ్య ఇంటికే వెళ్ళాను. అంతా చెప్పాను. నలుపంటే అసలు నలుపు, ఎరుపంటే నెత్తురేరా అన్నాను. వాడు విని పకపకా నవ్వాడు. నా కళ్ళకి వెనక వైరు తెగిపోయింది, నువ్వు వైరు లేని టీవీ గురించి చెబుతున్నావేంట్రా వెధవా అన్నాడు. పెద్ద సైజు వచ్చినప్పుడు ఒకటి నా పేరున రాసిపెట్టు, ఈసారి మిరపకాయ నువ్వే పట్టుకో అన్నాడు. సుబ్బరావమ్మ కూడా నవ్వింది.

చాలా రోజులకి హాయిగా ఇంటికి వచ్చాను.

3 మే

చెంచయ్య నవ్వాడని కిందటి పేజీలో రాసింది నేను కల్పించాను. వైరు మాట కూడా నాదే.

నిజానికి నేను చెప్పినదంతా విని, ఆ టీవీ ఆపెయ్ రా, వెలుగు కళ్ళలో గుచ్చుకుంటోంది అన్నాడు. ఆ సమయంలో కరెంటు లేదు, టీవీ ఆరిపోయే ఉంది. రిమోట్ తీసి నొక్కాను.

ఇప్పుడు నయం అన్నాడు.