అటు తిరిగి కూర్చున్నావిడ

జూన్ 3
నాటకాల డైరెక్టరమ్మ ఇవాళ మా డెంటల్ క్లినిక్‌కి వచ్చింది. పన్ను నొప్పేమో అనుకుని అపాయింట్‌మెంట్ ఎప్పుడు కావాలని అడిగాను. పని డాక్టరుతో కాదు, నీతోనే అంది. ఏదో పాత నవలని నాటకంగా వేస్తున్నారట. మొగుడి వేషం బావది. చచ్చి దెయ్యమైన పెళ్లాం వేషానికి నేను కావాలట.

నాకు నటించడం రాదన్నాను. ఆ దెయ్యానికి ఒక్క మాట కూడా లేదు, కూర్చుంటే చాలంది. నీ మెడా భుజాలూ అచ్చం మీ అక్కవే, అని కూడా అంది. అనేశాక నాలుక కరుచుకుంది.

అక్క పోయి ఏడాది దాటింది. అక్కా బావా ఏళ్ల తరబడి ఆ ట్రూపులో కలిసి వేషాలు వేశారు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టేదాన్ని. నా పాత్ర అంతే.

జూన్ 4
అమ్మ వద్దంటే వద్దంది. బతికున్న పిల్లకి చచ్చిపోయినదాని వేషమేంటని రోజంతా సణుగుతూనే ఉంది. బావకి ఫోన్ చేశాను. నీ ఇష్టం అన్నాడు. మళ్లీ తనే, వస్తే బావుంటుంది అన్నాడు.

వస్తానని చెప్పేశాను.

జూన్ 8
నవల పూర్తి చేశాను. ఓడ మీద పనిచేసే మనిషి ఒకడు. ఓ రోజు పెళ్లాంతో మాటా మాటా పెరిగి, వెనక్కి తిరిగి చూడకుండా గుమ్మం దాటి వెళ్లిపోతాడు. తిరిగొచ్చేసరికి ఆవిడ లేదు. అప్పట్నుంచీ రోజూ సాయంత్రం కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని కనిపిస్తుంది. ఎప్పుడూ అటు తిరిగే ఉంటుంది. ముఖం కనపడదు. భయపెట్టదు, తిట్టదు, పలకదు. వెనకాల నిలబడి ఆ వీపుతో మాట్లాడుతూ మాట్లాడుతూనే అతను ముసలివాడైపోతాడు.

చిన్నప్పుడు దెయ్యాల కథ అనగానే దుప్పటి ముసుగేసేదాన్ని. దీనికి భయం వేయలేదు. దిగులేసింది.

జూన్ 12
మొదటి రిహార్సల్. రేకుల షెడ్డు. ఫ్యాను తిరిగితే డైలాగులు వినపడవని ఆపేశారు. అందరం చెమటతో తడిసి ముద్దయ్యాం.

లైట్లు చూసే అన్నయ్య ఒక డౌటు అడిగాడు. అంత ప్రేమ ఉన్న దెయ్యం ఒక్కసారైనా ఇటు తిరగొచ్చు కదా అని. డైరెక్టరమ్మ చెప్పింది. అది శ్మశానంలోంచి వచ్చిన దెయ్యం కాదు నాయనా, అతని జ్ఞాపకంలోంచి వచ్చింది. వెళ్లేటప్పుడు అతను ఆవిడ ముఖం చూడలేదు. చూడని ముఖం ఎలా గుర్తొస్తుంది? ఆ కుర్చీలో కూర్చుంది అతని పశ్చాత్తాపమే, అంది.

బావ వంగి బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

నా కుర్చీ జనం వైపు తిప్పి వేశారు. బావ నా వెనకాల ఉంటాడు. అంటే నా ముఖం హాలంతటికీ కనపడుతుంది, ఒక్క బావకి తప్ప.

జూన్ 13
ఏమీ చేయకుండా కూర్చోవడం ఇంత కష్టమని తెలీదు. మెడ పట్టేసింది.

జూన్ 19
బావ ఇరగదీస్తున్నాడని అందరూ అంటున్నారు. అది నటన కాదని నాకు అనిపిస్తోంది. అక్క పోయాక ఈ మనిషి స్కూల్లో పాఠం చెప్పడం తప్పితే ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఇప్పుడు నా వీపుతో గలగలా మాట్లాడుతున్నాడు. సీను అయిపోయి నేను ఇటు తిరగ్గానే బ్యాగు సర్దుకుంటాడు.

జూన్ 25, లంచ్ టైము
పొద్దుట్నుంచీ ధ్యాస పని మీద లేదు. ఇద్దరికి ఒకే టైము ఇచ్చేసి డాక్టరు గారితో చీవాట్లు తిన్నాను.

నిన్న రిహార్సల్లో బావ స్క్రిప్టులో లేని మాటలన్నాడు. నిద్రలోనే వెళ్లిపోయావట కదా, అన్నాడు. నన్ను ఒక్కసారైనా అడగలేదట కదా. అంత కోపం వచ్చిందా నా మీద.

బావుంది, ఉంచేద్దాం, అంది డైరెక్టరమ్మ. ఆవిడకి తెలీదు పాపం.

ఆ మాట బావకి చెప్పింది నేనే. ఆస్పత్రిలో ఆ రోజు గండం గడిచిందన్నారు డాక్టర్లు. టికెట్లన్నీ అమ్ముడైపోయాయి, నువ్వెళ్లి రా అని బావని పంపింది అక్కే. మధ్యాహ్నం ఆట. బావ స్టేజి మీదున్నాడు, ఫోన్ ఆఫ్. ఉన్నట్టుండి అక్కకి ఊపిరి అందలేదు. మీ బావ వచ్చాడా, అని అడిగింది. ఇంకా ఇంకా అడిగింది. గొంతు పోయాక గుమ్మం వైపు చూసింది.

బావ ముఖానికి రంగుతోనే పరిగెత్తుకొచ్చాడు. నన్నడిగిందా, అన్నాడు. రంగు కారిపోతున్న ఆ ముఖం చూసి నిజం చెప్పడానికి నోరు రాలేదు. లేదు బావా, నిద్రలోనే పోయింది, అన్నాను. ఆ అబద్ధం మందు అనుకునే పోశాను. అది ఏడాదిగా ఆ మనిషిని లోపల్నుంచి తినేస్తోందని నిన్నటిదాకా తెలీదు.

జూన్ 26
చెప్పాలి.

జూన్ 27
చెప్పలేదు.

జూన్ 30
చెప్పేశాను.

నేను వెళ్లేసరికి బావ గిన్నెలు కడుక్కుంటున్నాడు. అలా కడుగుతూనే విన్నాడు. నువ్వేం చెప్పావు తనకి, అన్నాడు. వస్తున్నాడని చెప్పాను అన్నాను. నమ్మిందా అన్నాడు. నమ్మిందన్నాను. కుళాయి కట్టేశాడు.

ఇన్నాళ్లూ తన మీద కోపంగా ఉన్నాను, అన్నాడు. నన్ను తల్చుకోకుండానే వెళ్లిపోయిందని. నా కోసం గుమ్మం వంక చూస్తూ పోయిన మనిషి మీద కోపం పెట్టుకున్నాను.

ఆ తర్వాత, చీకటి పడకముందే ఇంటికెళ్లు, అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

జూలై 4
బావ రిహార్సల్‌కి వస్తున్నాడు. ఉన్న డైలాగులు ఉన్నట్టు చెప్పి వెళ్లిపోతున్నాడు. నాతో మాట లేదు.

అమ్మకీ చెప్పాను. నాకూ అదే చెప్పావు కదే, అంది. ఆ రోజు అమ్మ ఊళ్లో లేదు. మరి నన్నడిగిందా, అని మాత్రం అమ్మ అడగలేదు. అడుగుతుందేమోనని రోజంతా వంటింటి వైపు వెళ్లలేదు నేను.

అమ్మని అడగలేదు అక్క.

జూలై 11
నాటకం అయిపోయింది. రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

చివరి సీను. నేను కుర్చీలో ఉన్నాను. హాలు నిండా చీకటి. వెనకాల బావ ముసలి గొంతుతో మాట్లాడుతున్నాడు. మధ్యలో మాట ఆగిపోయింది. మర్చిపోయాడనుకున్నాను. పక్కనుంచి ఎవరో డైలాగు అందిస్తున్నారు, అయినా పలకడు. అంతలో అడుగుల చప్పుడు. నా వైపే వస్తున్నాడు. అతను కుర్చీ చుట్టూ తిరిగి రావడమన్నది నవల్లో లేదు, స్క్రిప్టులో లేదు, ఆ మనిషి అలా వస్తే ఇక కథే లేదు.

వచ్చాడు. నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తలెత్తి నా ముఖంలోకి చూశాడు.

వచ్చాను, అన్నాడు.

కదలకూడదని నాకు నేర్పారు. కదల్లేదు. కళ్లు నా మాట వినలేదు, అవి కారుతూనే ఉన్నాయి. బావ అలాగే చూస్తూ ఉండగా ఆ ముఖంలో ఏదో మారిపోయింది. కుర్చీలో ఉన్నది ఎవరో తెలిసొచ్చింది. నువ్వా, అన్నాడు, పెదాలతోనే. నా తల మీద చెయ్యి వేసి, ఆ చేత్తోనే కుర్చీ పట్టుకుని లేచాడు.

లైట్ల అన్నయ్య ఏమనుకున్నాడో, మొత్తం ఆర్పేశాడు. చప్పట్లు ఆగలేదు. డైరెక్టరమ్మ తిడుతుందనుకున్నాను. తెర వెనక పెట్టె మీద కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

జూలై 14
బావ వచ్చాడు. అమ్మ కాళ్ల దగ్గర కాసేపు కూర్చున్నాడు. ఇక వేషాలు వేయడట. వెళ్తూ నాతో అన్నాడు. కొన్నాళ్లు నువ్వు నాకు కనపడకమ్మా. కోపంతో కాదు. నిన్ను చూస్తే ముందు తనేమో అనిపిస్తోంది, తర్వాత కాదని తెలుస్తోంది. రోజూ తను మళ్లీ పోతోంది నాకు.

సరే బావా అన్నాను. వీధి మలుపు దాకా చూశాను. ఇంకెవరూ లేరు నన్ను అక్కకి చెల్లెలిగా చూసేవాళ్లు, అమ్మ తప్ప.

జూలై 23
పళ్లు కట్టించుకోడానికి వచ్చిన పెద్దావిడ నన్ను చాలాసేపు తేరిపార చూసింది. ఆ నాటకంలో చచ్చిపోయినావిడవి నువ్వే కదమ్మా, అంది.

కాదండీ, ఆవిడ చెల్లెల్ని, అన్నాను.