ఉత్త పెట్టెలో నీ ఫోను

బేస్తవారిపేట దగ్గర,
మార్చి 23, ఆదివారం.

మాలకొండయ్య బావకు,

నీ శివపార్వతి నమస్కారాలు. ఇక్కడ నేను, అత్త, చూలు ఆవు, నడవలేదని నువ్వు ఇంట్లో వదిలిపోయిన కుంటిమేక అందరం కులాసా. అక్కడ నువ్వు, కాశయ్య పెద్దమామ, మీ వెంట ఉన్న నూట ఇరవై జీవాలు చల్లగా ఉన్నారని తలుస్తాను.

బుధవారం గోవర్ధన్ మామ నీ జాబు తెచ్చి ఇచ్చాడు. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టి తెచ్చినందుకు సగం అక్షరాలు చెమటకు చెదిరిపోయాయి. అయినా నీ రాత నేను చదవలేనా? రేపు పొద్దున బస్సుకు మందులూ సజ్జలూ తీసుకుని ఆయన మళ్ళీ దర్శి అవతల, మీరు మంద మేపుతున్న కాలవ పొలాలకు, మీ దగ్గరికే బయలుదేరుతున్నాడు. ఆయన చేతికి ఈ జాబు ఇస్తున్నాను. ఫోన్లో అయితే రెండు నిమిషాలకే "చార్జింగు అయిపోతా ఉంది, పెట్టేస్తున్నా" అంటావు. జాబుకు ఆ భయం లేదు, ఎంతైనా రాయొచ్చు.

అచ్చక్షరాలు చూసి ఏదో కోర్టు నోటీసు అనుకోకు. ఇది మన పెట్టె మీద నా పది వేళ్ళతో టైపు చేశాను. సాయంత్రం బస్టాండు దగ్గర దుకాణంలో ప్రింటు తీయిస్తాను. సంతకం మాత్రం పెన్నుతోనే.

నువ్వు నాలుగు సంగతులు అడిగావు. మూడింటికి ఇప్పుడే చెబుతాను. నాలుగోదానికి కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి, ఆగు.

అత్త మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగావు. నొప్పి అంటూనే పక్కింటి గొడవ వినడానికి గోడ దాకా పరుగెత్తుతుంది. కాబట్టి దిగులు పడకు. ఆవు ఎప్పుడు ఈనుతుందన్నావు. ఉగాది దాటాక అంటోంది అత్త. జున్ను పాలు నీకు పంపే దారి లేదు కనుక నీ వాటా కూడా నేనే తింటాను.

ఇక మూడోది. నీ మాటల్లోనే: "ఆ ఉత్త పెట్టె దేనికన్నా పనికొస్తా ఉందా, లేక నా ఫోను దండగకు ఇచ్చినానా?"

ఇది అడిగే హక్కు నీకుంది. నీ మంచి ఫోను నాకు వదిలేసి, నా పాత బటన్ల ఫోను పట్టుకుని జీవాల వెంట పోయావు. మార్కాపురంలో ఆ పెట్టె కొన్న రోజు నీకు గుర్తుందో లేదో, నాకైతే తలుచుకుంటే సిగ్గు. మూత తెరిస్తే లాప్‌టాప్‌లాగే తెర ఉంది, మీటలు ఉన్నాయి, ఎంత నొక్కినా వెలగదు. చచ్చిన సరుకు అంటగట్టావని దుకాణంలో ప్రసన్నతో జగడానికి దిగాను. ఆ పిల్ల నవ్వి, "అక్కా, దీంట్లో తెర, మీటలు, బ్యాటరీనే ఉంటాయి. బుర్ర ఉండదు. బుర్ర నీ ఫోన్లో ఉండాది, వైరు పెట్టు" అంది. నా ఫోను పెడితే పలకలేదు. నీ ఫోను పెట్టగానే తెరంతా వెలిగింది. నువ్వు అప్పటికప్పుడు నీ సిమ్ము తీసి నా బటన్ల ఫోన్లో వేసుకున్నావు. ఆ రోజు బస్సులో ఇంటికి వచ్చేదాకా నీ చెయ్యి వదలలేదు.

పనికొస్తుందా అంటే, నిజం చెబుతాను. గంట దాటితే నీ ఫోను పెనంలాగా కాలుతుంది. రెండు పనులు ఒకేసారి చెబితే మొరాయిస్తుంది. కొన్ని యాప్‌లు ఎంత పెద్ద తెర మీద తెరిచినా ఫోన్లో కనిపించినంత సన్నగా, నడిమధ్యలో నిలబడి ఉంటాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఫోను బయటికి తీసుకెళ్తే పెట్టె మీద అత్త వడియాలు ఎండేసుకోవడం తప్ప ఇంకేమీ చేయలేం. నిజంగానే ఒకరోజు ఎండేయబోయింది, పట్టుకున్నాను.

కానీ బావా, కరెంటు పోయినా ఇది ఆగదు. పెట్టె బ్యాటరీతోనే ఫోనుకు కూడా చార్జింగు ఎక్కుతుంది. నెట్టు ఫోన్లోదే కాబట్టి ఇంటికి వైరు లాగే పని లేదు. నేను ఫోన్లో చదువుతూ వదిలేసిన చోటే పెట్టెలో తెరుచుకుంటుంది. కొత్త లాప్‌టాప్ కొనాలంటే నువ్వు పొట్టేళ్ళను తోలుకుని సంతకు పోవాల్సి వచ్చేది, ఆ అవసరం తప్పింది. బొమ్మలు గీసేవాళ్ళకో, పెద్ద పెద్ద లెక్కలు కట్టేవాళ్ళకో ఇది చాలదేమో. తెలుగు టైపు చేసుకుని, నలుగురు మనుషులతో మాట్లాడే నాలాంటిదానికి చాలు. ఎవరన్నా అడిగితే, ముందు మీ ఫోను దానికి పలుకుతుందో లేదో చూసుకుని కొనండి అని చెప్పు. నాలాగా దుకాణంలో అరవకుండా ఉంటారు.

అసలు ఇదంతా దేనికోసమో నీకు తెలుసు. రెండేళ్ళుగా మెట్ట చేను మనకు చేసిందేమీ లేదు, నా డిగ్రీ కాగితం ట్రంకు పెట్టెలో మూలుగుతోంది. జూన్ మొదటి తారీఖుకు హైదరాబాదు వస్తే అక్కడొక ఉద్యోగం ఉందని మా అన్న సతీష్ చూసిపెట్టాడు. ఏడాదిలో సగం నువ్వు జీవాల వెంట ఉంటావు. నువ్వు ఇల్లు చేరేసరికి నేను హాస్టల్లో ఉంటే, ఇక మనం ఒకరి మొహం ఒకరం చూసుకునేది ఎప్పుడు? ఆలోపు ఇంట్లో కూర్చుని చేసే పని దొరికితే ఉంటాను, లేకపోతే పోతానని అనుకున్నాం. ఆ మాట అనుకున్న రోజు నువ్వు అన్నం సగంలో లేచిపోయావు. నేను చూడలేదనుకున్నావు.

అందుకే ఆ పశువుల సలహా ఫోన్ల సంస్థకు దరఖాస్తు పెట్టాను. రైతులు ఫోన్ చేసి మా బర్రెకు ఇలా ఉంది, గొర్రెకు అలా ఉంది అంటే, సరైన ప్రశ్నలు అడిగి, జవాబులు టైపు చేసి, డాక్టరుకు అందించాలి. ఇంట్లోంచే పని. మొన్న పదమూడో తారీఖు గురువారం దాని ఇంటర్వ్యూ.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న. "గురువారం మధ్యాహ్నం ఫోన్ చేసినప్పుడు నీ గొంతు అదోమాదిరి ఉండె. ఏడ్చినావా?" అని అడిగావు.

ఏడ్చాను బావా. నీకు ఒక అబద్ధం కూడా చెప్పాను.

ఇంటర్వ్యూ పదింటికని నీకు చెప్పాను కదా, ఆ పొద్దున వాళ్ళు దాన్ని పన్నెండుకు మార్చారు. నీకు చెబుదామంటే నీ నంబరు కలవలేదు. సరేనని చాప పరిచి, పీట మీద పెట్టె పెట్టి, వైరు తగిలించి, కెమెరా నా మొహం మీదికి వచ్చేలా నీ ఫోనును ఇత్తడి చెంబుకు ఆనించాను. తెర మీద ఇద్దరు కనిపించారు. ఒకరు సంస్థ పెద్ద కరుణాకరం గారు, ఇంకొకరు పశువుల డాక్టరు రేచల్ గారు. పది నిమిషాలు బాగానే జరిగింది. టైపు పరీక్ష పెట్టారు, గబగబా కొట్టేశాను.

అప్పుడు వచ్చింది అత్త. మంద నుంచి ఫోను వస్తే మూడో మోత లోపల ఎత్తాలని మీ ఇంట్లో ఆనవాయితీ కదా. ఏ చిరుతపులో, ఏ పామో అని. తన చిన్న ఫోన్లో స్పీకరు పెట్టుకుని, "పార్వతీ, మాలకొండయ్య! గొర్రె పొట్ట ఉబ్బిందంట!" అని అరుస్తూ లోపలికి దూసుకొచ్చింది. కాలికి వైరు తగిలింది. తెర నల్లగా అయిపోయింది. నీ ఫోను చెంబు మీద నుంచి జారి చాప మీద బోర్లా పడింది.

తెర పోయింది, ఇంటర్వ్యూ పోయింది, ఇక హైదరాబాదే అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే అత్త చేతిలోంచి నీ గొంతు.

"ఏందే, పలకవే! పెదనాన్న ఊర్లోకి పోయినాడు. నీ పుట్టింటి గొర్రె, నల్లమూతిది, పచ్చి పిల్లిపెసర చేలో పడి తినింది. పొట్ట డప్పు మాదిరి ఉండాది. మందు సీసాల మీద నువ్వు రాసిన చీటీలు తడిసిపోయినాయి, ఏది దేనికో తెలియడం లే!"

"ఏ పక్క ఉబ్బింది బావా?"

"ఎడమ పక్క."

"నిలబడిందా, పడిపోయిందా? నెమరేస్తా ఉందా?"

"నిలబడే ఉంది. నెమరు లేదు, పండ్లు కొరుకుతా ఉంది."

"ఇంక ఎన్ని తిన్నాయి?"

"ఇదొక్కటే. మిగతావాటిని మళ్ళేసినా."

"సీసాల జోలికి పోవద్దు. ముందుకాళ్ళు గట్టు మీద పెట్టు. నోట్లో అడ్డంగా వేపపుల్ల కట్టు. కూరకు పెట్టుకున్న శెనక్కాయ నూనె చిన్న గ్లాసుడు, చెంప పక్క నుంచి మెల్లగా పొయ్యి. తల పైకెత్తి పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాది. డొక్క రుద్దతా ఉండు. ఫోను పెట్టొద్దు, నేను ఉన్నా."

ఎంతసేపు పట్టిందో నీకే తెలుసు. నల్లమూతిది త్రేన్చిన శబ్దం ఇక్కడికి వినబడింది. అత్త చేతులు జోడించింది. నువ్వేమో ఏడుస్తున్నావో నవ్వుతున్నావో తెలియని గొంతుతో అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నా కలెక్టరమ్మా, నీకు దండమే! ఇంటర్వ్యూ ఎట్ల చేసినావే? నీకు రావాలని పొద్దుటి నుంచి సద్ది కూడా ముట్టలే. నువ్వు హైదరాబాదు పోయినావంటే ఈ జీవాలన్నీ అమ్మేసి నీ హాస్టలు గేటు కాడ కాపలాకు కుదురుకుంటా, చెప్తా ఉండా!"

నేను నీకు చెప్పిన అబద్ధం అప్పటిదే. "ఎప్పుడో అయిపోయింది, బాగా చేసినా, ముందు సద్ది తిను" అన్నాను. నువ్వు ఫోన్ చేయడం వల్లే ఇంటర్వ్యూ పోయిందని తెలిస్తే నువ్వు ఆ గట్టు మీదే కుప్పకూలిపోతావని భయపడ్డాను. ఫోను పెట్టేసి అత్త ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను.

అప్పుడు చాప మీద నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

"కలెక్టరమ్మ గారూ, ఉన్నారా?"

కరుణాకరం గారు బావా! పెట్టె ఆరిపోతే అంతా ఆరిపోయిందనుకున్నాను. ప్రసన్న ఆ రోజే చెప్పింది కదా, బుర్ర ఫోన్లో ఉంటుందని. వైరు ఊడినా ఫోన్లో ఇంటర్వ్యూ నడుస్తూనే ఉంది. మనిద్దరి మాటలు, గొర్రె త్రేన్పు, నీ హాస్టలు గేటు కాపలా, నా ఏడుపు, మొదటి నుంచి చివరి దాకా ఇద్దరూ విన్నారు. ఇదే నేను ఇన్నాళ్ళు దాచిన సంగతి. ఇప్పుడు నీ చెవులు ఎర్రబడి ఉంటాయి, నాకు కనబడుతోంది.

ఫోను తిప్పి చూస్తే రేచల్ గారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. "మేము అడగాలనుకున్న ప్రశ్నలన్నీ మీరు మీ ఆయనను అడిగేశారమ్మా. తల ఎత్తి పోయొద్దని చెప్పడం చాలామంది మరిచిపోతారు. ఆ గొర్రెను మాత్రం సాయంత్రం దాకా మేతకు వదలొద్దని చెప్పండి" అన్నారు. నేను నోరు తెరిచేలోపు అత్త ఫోను లాక్కుని, "ఎవరు నాయనా మీరు? మొగుడూ పెండ్లాల మాటలు దాక్కోని వింటా ఉండారా?" అని దులిపేసింది. ఇక అయిపోయిందిలే అని దండం పెట్టి కట్ చేశాను.

ఎనిమిది రోజులు నీకు ఏమీ చెప్పలేదు. మొన్న శుక్రవారం వాళ్ళ కాగితం వచ్చింది.

వచ్చింది బావా, ఉద్యోగం వచ్చింది! ఏప్రిల్ ఏడు నుంచి పని. మధ్యాహ్నం దాకా, మన ఇంట్లో, మన చాప మీద. ఫోన్లో చెప్పేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. ఆ అబద్ధం ఒప్పుకోకుండా ఈ మాట చెప్పబుద్ధి కాలేదు. సతీషన్నకు రానని చెప్పేశాను. అన్న కాసేపు విసుక్కుని, తర్వాత "అయితే బావకు హాస్టలు కాపలా ఉద్యోగం పోయినట్టే" అన్నాడు. అత్త ఊరంతా చెప్పిందని వేరే రాయాలా?

నువ్వు నిదానంగా రా. జీవాలను తొందరపెట్టకు. తొలకరి పడి, మీరు మలుపు తిరిగి మన వీధిలోకి వచ్చే పొద్దుకు తలుపు తీసేది నేనే.

ఇట్లు,
మీ అమ్మ కోడలు, నీ ఇంట్లోనే ఉండబోతున్న భార్య,
శివపార్వతి