హామీ సంతకం

టీచర్ గారూ,

మీరు పోయి నేటికి ఏడాది. మన మునిసిపల్ స్కూల్లో మీ తరగతి ఇప్పుడు నాది. ఇవాళ ఆదివారం కదా, ఆరుగురు ఆడపిల్లల్ని లైబ్రరీలో చేర్పించడానికి తీసుకెళ్లాను. పొద్దున్నంతా మిరపకాయల తొడాలు తీసి, చేతుల మంటకు కొబ్బరినూనె రాసుకుని వచ్చారు.

"ఆ చేతుల్తో పుస్తకాలు పట్టుకుంటారా?" అన్నారు లైబ్రేరియన్ గారు.

"పోనీ మీరే పేజీలు తిప్పండి సార్, మేం చదువుకుంటాం," అంది మా నాగమణి.

ఆయన నవ్వి కార్డులు నా ముందుకు తోశారు. "హామీ సంతకం మీరే పెట్టాలమ్మా. పెట్టినవాళ్లు గుంటూర్లోనే ఉండాలి. ఉంటారుగా?"

నా సంచిలో హైదరాబాద్ ఉద్యోగం కాగితం ఉంది. పెన్ను మూత తీశాను, పెట్టాను, మళ్లీ తీశాను. పిల్లలు నా చేతినే చూస్తున్నారు.

చిన్నప్పుడు మా కార్డుల మీద మీ సంతకం ఉండేది. ఒంగోలులో మీ ఇంటి దగ్గరికే బదిలీ వస్తే మీరు వద్దన్నారని తెలిసి, పిచ్చి టీచరని నవ్వింది నేనే.

ఆరు కార్డుల మీదా సంతకం పెట్టాను. చేతికి నూనె అంటింది. ఇంటికొచ్చి, ఉద్యోగంలో చేరలేనని హైదరాబాద్‌కు రాసేశాను. అప్పట్నుంచి గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

ఒంగోలు వద్దన్న రోజు మీరైనా కుదురుగా కూర్చోగలిగారా?