రాత నాది కాదు, తప్పు నాది

ఔషధ తనిఖీ అధికారి గారి సముఖమునకు,
సిద్దిపేట.

అయ్యా,

విషయం: మందుల దుకాణం టెక్నీషియన్ యాదలక్ష్మిపై పెట్టిన కేసును ఉపసంహరించి, రిజిస్టర్డ్ ఫార్మసిస్టునైన నాపై పెట్టవలసిందిగా కోరుట గురించి.

1. నా వయసు డెబ్బై ఒకటి. మధుసూదన్ నడిపే మందుల దుకాణం గోడకు నా సర్టిఫికెట్ పదకొండేళ్లుగా వేలాడుతున్నది. తనిఖీ ఉన్నదని తెలిసిన రోజున మాత్రం నేను తెల్లకోటు తొడుక్కుని దాని కింద కూర్చుంటాను. ఆ కుర్చీలో గ్రంథాలయం పుస్తకాలు ఎన్నో చదివాను. కొత్త మందుల గురించి ఒక్క పేజీ చదవలేదు.

2. యాదలక్ష్మిది ఆరు నెలల టెక్నీషియన్ శిక్షణ. చట్టం ప్రకారం రోగికి మందు నేను ఇవ్వాలి, ఆమె నాకు అందించాలి. డాక్టరు రాత చదవడం, మోతాదు చూడడం, ముసలివాళ్లకు రెండుసార్లు చెప్పడం, అన్నీ ఆమే చేసింది. గౌరవం నాకు, నిలబడి వాచిన కాళ్లు ఆమెకు.

3. గత నెల పన్నెండున నేను కోటులో ఉండగా తొగుట నుంచి బాలమణి అనే కీళ్లవాతపు రోగి వచ్చింది. యాదలక్ష్మి లోపల సరుకు దించుతున్నది. మాత్రలు నేనే ఇచ్చాను. వారానికి ఒకటి మింగవలసిన మందుకు కవరు మీద "రోజుకు ఒకటి" అని రాశాను. ఆ మందు రోజూ మింగితే ప్రాణానికే ముప్పు. కవరు మీద ఏం రాశానో నన్నడిగి తెలుసుకోగానే యాదలక్ష్మి చెప్పులైనా వేసుకోకుండా బస్టాండుకు ఉరికి, బస్సెక్కుతున్న ఆమెను వెనక్కి తెచ్చింది. నా కవరు చింపి, కొత్త కవరు మీద "వారానికి ఒకటే, సోమవారం" అని రాసింది.

4. తమరు అప్పుడే లోపలికి వచ్చి, ఈ రాత ఎవరిదని అడిగారు. "నాది కాదు, నాకు తెలియదు" అన్నాను. మొదటి మాట నిజం. రెండోది అబద్ధం. దాంతో ఫార్మసిస్టుకు తెలియకుండా మందు ఇచ్చిందని కేసు ఆమె మీద పడింది. చింపిన కవరు ముక్కలు అప్పటికి నా కోటు జేబులో ఉన్నాయి. ఇప్పుడు గుండుసూదితో ఈ అర్జీకి జతపరిచాను.

5. నిజం చెబుతానంటే మధుసూదన్ అన్న మాటలు ఇవి: "మీ సర్టిఫికెట్ పోతె నా దుకాణం బందైతది సారూ. గామెకేంది, ఇంకో కాడ పని దొరుకుతది." ఎక్కడా దొరకలేదు. కేసున్న మనిషిని ఎవరు పెట్టుకుంటారు? తల్లిగారి ఊరు కోహెడలో పత్తి ఏరుతున్నది. క్షమాపణ అడగడానికి బస్సెక్కి వెళ్లాను. "గీ వయసుల మీకు కోర్టెందుకు సారూ, ఇడ్సిపెట్టుండ్రి. పొద్దటి బీపీ గోలి ఏసుకున్నరా?" అని అడిగింది. తిట్టినా భరించేవాణ్ని.

కావున నా సర్టిఫికెట్ రద్దు చేయగలరు. గోడమీది కాగితం ముందు చిరిగిన కాగితం నిలవదని నాకు తెలుసు. అయినా, తీరిక దొరికిన నాడు చిత్తగించవలెను.

ఇంకా రిజిస్టరులో మిగిలి ఉన్న
తమ విధేయుడు
గుండ్ల ఐలయ్య

తా.క.: బస్సు దాకా సాగనంపడానికి యాదలక్ష్మి కూతురు కృతిక వచ్చింది. ఇంటర్ చదువుతున్నది. "తాతా, అమ్మ జేసిన పనే జెయ్యాలె, కేసు గావద్దు. ఏం సదువాలె?" అని అడిగింది. ఫార్మసిస్టు చదువు చదవమన్నాను.

"గది మీరు సదివిందే గదా?" అన్నది.